ఓటు బరువు ఎవరి భుజాన?

స్మారక ధర్మనిధి ఉపన్యాసం: ముద్రిత పాఠం



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన గురించి ఇక్కడున్న చాలామందికి నాకన్నా బాగా తెలుసు. కోస్తా జిల్లాల్లో బడిపంతులుగా పనిచేశారు. ఎండాకాలం సెలవుల్లో ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. రిటైరయ్యాక పిల్లల దగ్గరికి ఈ టెక్సస్ వచ్చి, పౌరసత్వం తీసుకుని, పోస్టులో వచ్చిన బ్యాలెట్ మీద ఓటు వేశారు. ఒక దేశంలో ప్రభుత్వం తరఫున ఓటరును వెతుక్కుంటూ నడిచిన మనిషి, ఇంకో దేశంలో ఓటరుగా ప్రభుత్వం వెంట ఫారాలు పట్టుకుని తిరిగారు. ఆ రెండు పనుల మధ్య ఉన్న తేడాయే ఈ రోజు నా విషయం.

అమెరికాలో ఎన్నికల చట్టాలు ఏటా ఏదో ఒక రాష్ట్రంలో మారుతూనే ఉంటాయి. గత ఐదారేళ్లుగా వస్తున్న మార్పుల్లో, ప్రతిపాదనల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరుగుతున్నాయి. ఓటరుగా ఆన్‌లైన్‌లో నమోదు కావచ్చా, అందుకు ఏ రుజువు చూపాలి అన్నది ఒకటి. బ్యాలెట్ ఇంటికి రావాలంటే ఓటరు అడగాలా, అడక్కుండానే పంపాలా, అడిగితే ఆ కోరిక ఎన్నాళ్లు చెల్లుతుంది అన్నది రెండోది. వినడానికి ఇవి ఆఫీసు గుమాస్తాల వ్యవహారాల్లా ఉంటాయి. కానీ ఎవరు ఓటు వేయగలుగుతారో, ఎవరు ఇంట్లోనే ఉండిపోతారో చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రతి ఎన్నికల నియమం ఎవరో ఒకరికి ఒక పని అప్పజెబుతుంది. ఆ పనిలో పొరపాటు జరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఏ మార్పునైనా రెండు ప్రశ్నలతో కొలవాలి: ఆ పని ఎవరు చెయ్యాలంటున్నారు? పొరపాటు జరిగితే నష్టం ఎవరిది? రికార్డులు, యంత్రాంగం, జీతాలు తీసుకునే సిబ్బంది ఉన్న ప్రభుత్వం మోయగల బరువును ఓటరు మీదికి నెట్టే మార్పు, దానికి ఎంత మంచి పేరు పెట్టినా, చెడ్డ మార్పే.

ఓటు ఇంటికి వచ్చిన దారి

దూరంగా ఉన్నవాడి ఓటు అమెరికాకు కొత్త సంగతి కాదు. అంతర్యుద్ధం నడుస్తుండగా 1864లో లింకన్ రెండోసారి పోటీ చేసినప్పుడు, చాలా ఉత్తరాది రాష్ట్రాలు తమ సైనికులు శిబిరాల్లోంచే ఓటు వేసేందుకు వీలు కల్పించాయి. సైనికుడు ఊరికి రాలేడు కాబట్టి ఓటే అతని దగ్గరికి వెళ్లింది. ఆ ఆలోచన క్రమంగా రోగులకు, ప్రయాణాల్లో ఉన్నవారికి, వృద్ధులకు విస్తరించింది. 1998లో ఓరెగన్ ప్రజలు ఓటింగు మొత్తం పోస్టు ద్వారానే జరగాలని ప్రజాభిప్రాయ సేకరణలో తేల్చారు. 2000 నాటి అధ్యక్ష ఎన్నిక అక్కడ అలాగే జరిగింది. తర్వాత వాషింగ్టన్, కొలరాడో, యూటా, హవాయి ఆ దారి పట్టాయి. కరోనా కాలంలో జరిగిన 2020 ఎన్నికలో దేశం మొత్తం మీద ఓటు వేసినవారిలో నూటికి 40 మందికి పైగా మెయిల్ బ్యాలెట్ వాడారు. 2021లో కాలిఫోర్నియా, నెవాడా, వెర్మాంట్ దాన్ని శాశ్వత ఏర్పాటుగా చేసుకున్నాయి.

కొలరాడోలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. పోలింగుకు మూడు వారాల ముందు కౌంటీ నుంచి ప్రతి క్రియాశీల ఓటరుకూ బ్యాలెట్ కవరు బయల్దేరుతుంది. ఓటరు దాన్ని తీరిగ్గా చదివి, నింపి, కవరు మీద సంతకం చేసి పోస్టులో వేస్తాడు, లేదా కౌంటీ పెట్టిన డ్రాప్ బాక్సులో వేస్తాడు. కవరు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనుకు కబురు వస్తుంది. దాని మీది సంతకాన్ని ఎన్నికల కార్యాలయం తన దగ్గరున్న సంతకంతో పోల్చి చూస్తుంది. సరిపోకపోతే ఓటరుకు తెలియజేస్తుంది. ఎన్నిక ముగిశాక కూడా 8 రోజుల్లోపు సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ పని చాలావరకు ప్రభుత్వానిది. పొరపాటు జరిగినా అది వెంటనే ఓటు నష్టంగా మారదు.

ఆన్‌లైన్ నమోదు చరిత్ర 2002లో అరిజోనాలో మొదలైంది. సూత్రం సులువు. డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చేటప్పుడే రాష్ట్రం దగ్గర మన పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సంతకం ఉంటాయి. మనం కంప్యూటరు ముందు కూర్చుని లైసెన్స్ నంబరు ఇస్తే వ్యవస్థ ఆ వివరాలను సరిచూసుకుని అదే సంతకాన్ని ఓటరు జాబితాకు తెచ్చుకుంటుంది. చేతిరాత అర్థంకాక ఊరి పేరు తప్పు కొట్టే గుమాస్తా బెడద లేదు. ఖర్చూ పడిపోయింది. అరిజోనాలోని మారికోపా కౌంటీలో కాగితం ఫారంతో ఒక నమోదుకు 83 సెంట్లు అయ్యేది, ఆన్‌లైన్‌లో 3 సెంట్లకు దిగింది. అందుకే రిపబ్లికన్లు పాలించే రాష్ట్రాలూ, డెమొక్రాట్లు పాలించే రాష్ట్రాలూ తేడా లేకుండా దీన్ని తెచ్చుకున్నాయి. ఇవాళ 40కి పైగా రాష్ట్రాల్లో ఇది ఉంది. మన టెక్సస్ ఆ వరసలో లేదు.

అడిగితేనే ఇస్తామంటే

ఇప్పుడు గాలి ఎదురు తిరిగిన చోటికి వద్దాం. యూటాలో రిపబ్లికన్లే పోస్టు ఓటును పెంచి పోషించారు. అక్కడ నూటికి 90 మందికి పైగా ఓటర్లు అలాగే ఓటు వేయడానికి అలవాటు పడ్డారు. అలాంటి రాష్ట్రంలో 2025 మార్చిలో గవర్నరు స్పెన్సర్ కాక్స్ ఒక బిల్లు మీద సంతకం చేశారు. దాని ప్రకారం తిరిగి పంపే కవరు మీద లైసెన్స్ నంబరులోనో, సోషల్ సెక్యూరిటీ నంబరులోనో చివరి నాలుగు అంకెలు వేయాలి. బ్యాలెట్ పోలింగు రోజు రాత్రి 8 గంటల్లోపు అధికారుల చేతికి అందాలి; ముందురోజు పోస్టు ముద్ర పడి ఉంటే చాలదు. 2029 నుంచి, కోరిన ఓటరుకు మాత్రమే బ్యాలెట్ ఇంటికి వస్తుంది.

ఈ మూడో అంశం దగ్గర కాసేపు ఆగాలి. "హక్కు ఎవరూ తీసెయ్యలేదు కదా, ఒక గడిలో టిక్కు పెడితే చాలు కదా" అంటారు దాన్ని సమర్థించేవారు. నిజమే. సొంత ఇల్లు, స్థిరమైన చిరునామా, తపాలా జాగ్రత్తగా చూసుకునే తీరిక ఉన్నవారికి అది టిక్కే. ఏడాదికో అద్దె ఇల్లు మారే కుర్రవాడికి, రెండు షిఫ్టులు చేసే నర్సుకు, కాగితాలన్నీ కొడుకో కోడలో చూసిపెట్టే తాతయ్యకు అది గుర్తుపెట్టుకోవాల్సిన మరో గడువు. నిన్నటి దాకా ప్రభుత్వం మర్చిపోకుండా చేసిన పనిని రేపటి నుంచి లక్షల మంది ఎవరికి వారు మర్చిపోకుండా చెయ్యాలి. అంతమందిలో కొందరు మర్చిపోతారు. ఆ సంగతి చట్టం రాసేవారికి తెలియనిది కాదు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. టెక్సస్‌లో కొత్తగా ఓటరు కావాలంటే వెబ్‌సైటులో ఫారం నింపవచ్చు; కానీ దాన్ని ప్రింటు తీసి, కలంతో సంతకం పెట్టి, పోలింగుకు 30 రోజుల ముందే కౌంటీకి పంపాలి. లైసెన్సును ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేసుకునేవారికి మాత్రం 2020లో ఫెడరల్ కోర్టు తీర్పు పుణ్యమా అని ఆ వెంటే నమోదయ్యే వీలు దొరికింది. అందరికీ ఆన్‌లైన్ నమోదు కావాలంటూ శాసనసభలో పలుమార్లు బిల్లులు వచ్చాయి, ఏదీ గట్టెక్కలేదు. మెయిల్ బ్యాలెట్ 65 ఏళ్లు నిండినవారికి, జబ్బు లేదా వైకల్యం ఉన్నవారికి, ఎన్నికల సమయంలో కౌంటీలో లేనివారికి, ఇలా కొద్దిమందికే. 65 దాటినవారు కూడా ఏటేటా దరఖాస్తు పెట్టుకోవాలి.

2021లో వచ్చిన సెనేట్ బిల్లు 1 దీనికి ఇంకో మెలిక పెట్టింది. దరఖాస్తు మీదా, తిరుగు కవరు మీదా లైసెన్స్ నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలో వేయాలి. అది ఓటరు రికార్డులో ఉన్న దానితో సరిపోవాలి. ఇరవై ఏళ్ల కింద నమోదైనప్పుడు తాను ఏ నంబరు ఇచ్చాడో ఏ ఓటరుకు గుర్తుంటుంది? పైగా కవరు మీద ఆ నంబరు రాయాల్సిన చోటు అంటించే మడత కింద ఉంది. 2022 మార్చిలో జరిగిన ప్రాథమిక ఎన్నికల్లో 24 వేలకు పైగా మెయిల్ బ్యాలెట్లు తిరస్కరించారు. వచ్చినవాటిలో దాదాపు 12 శాతం అవి. 2020 నవంబరులో తిరస్కరణలు ఒక శాతం కూడా లేవు. ఊరూరా కౌంటీ సిబ్బంది ఫోన్లు చేసి, కవర్లకు రంగు కాగితాలు అంటించి నేర్పాక 2022 నవంబరు నాటికి అది 3 శాతం లోపుకు దిగింది. మార్చిలో పోయిన ఆ 24 వేల ఓట్లు మాత్రం తిరిగి రాలేదు. వాటిలో అధిక భాగం అరవై అయిదు దాటినవారివి; దశాబ్దాలుగా క్రమం తప్పకుండా ఓటు వేస్తున్నవారు ఎందరో అందులో ఉన్నారు.

రుజువులు, పేర్లు, సంతకాలు

నమోదు విషయంలో ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రతిపాదన పౌరసత్వ పత్రాల గురించి. ఇప్పటిదాకా చాలా రాష్ట్రాల్లో ఓటరు ప్రమాణపూర్వకంగా "నేను పౌరుణ్ణి" అని సంతకం చేస్తాడు, అబద్ధమైతే జైలు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఒక కార్యనిర్వాహక ఉత్తర్వుతో ఫెడరల్ నమోదు ఫారానికి పాస్‌పోర్టులాంటి పత్రం జత చేయాలని ఆదేశించారు. ఎన్నికల నియమాలు పెట్టే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకూ, కాంగ్రెస్‌కూ ఇచ్చిందని, అధ్యక్షుడికి ఇవ్వలేదని చెప్పి ఫెడరల్ కోర్టు దాన్ని ఆపింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ ఇదే ఉద్దేశంతో సేవ్ చట్టం బిల్లును ఆమోదించింది. పోస్టులో నమోదయ్యేవారు కూడా పత్రాలతో స్వయంగా ఎన్నికల కార్యాలయానికి వెళ్లాలని అందులో ఉంది. టెక్సస్ సెనేట్ కూడా అదే ఏడాది అలాంటి బిల్లును పంపింది. అది దిగువ సభలో ఆగిపోయింది. ఇలాంటివి గెలిస్తే ఆన్‌లైన్ నమోదు పేరుకే మిగులుతుంది.

దీన్ని ఊహించి మాట్లాడనక్కర్లేదు, కాన్సస్ రాష్ట్రం చేసి చూపించింది. 2013లో అక్కడ పౌరసత్వ పత్రం తప్పనిసరి చేశారు. మూడేళ్లలో సుమారు 31 వేల మంది దరఖాస్తులు ఆగిపోయాయి. కొత్తగా నమోదుకు వచ్చిన ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి దారి మూసుకుపోయింది. 2018లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తూ లెక్క తీసింది: అంతకు ముందు 19 ఏళ్లలో ఆ రాష్ట్ర జాబితాలోకి ఎక్కిన పౌరులు కానివారు మహా అయితే 39 మంది. ముప్ఫై తొమ్మిది మందిని ఆపడానికి ముప్ఫై ఒక్క వేల మందిని ఆపడం ఏ తూకంలోనూ సరితూగదు.

ఇక మన పేర్ల సంగతి. ఇంటిపేరు ముందు రాసేవారు, వెనక రాసేవారు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే ఇక్కడ లైసెన్స్ మీద వింత పేరు పడినవారు, వెంకట సత్య సూర్య నారాయణ అన్న నాలుగు మాటల్లో ఒకటి మాత్రమే గడిలో పట్టినవారు మనలో ఎందరో. పెళ్లయ్యాక పేరు మారిన ఆడపడుచులకు పాస్‌పోర్టు మీద ఒక పేరు, పౌరసత్వ పత్రం మీద మరో పేరు. జార్జియా రాష్ట్రం "అక్షరం తేడా లేకుండా సరిపోవాలి" అన్న నియమం పెట్టినప్పుడు 2018 నాటికి 53 వేల దరఖాస్తులు పక్కన పెట్టారు. వాటిలో ఎక్కువ నల్లజాతి పౌరులవి. ఒక అక్షరం, ఒక చుక్క, పేరుల మధ్య ఒక ఖాళీ చాలు. ఇలాంటి నియమం ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాసినా, నాలుగు మాటల తెలుగు పేరు దాని కింద పడకుండా ఉండదు.

సంతకాలదీ అదే కథ. వాషింగ్టన్ రాష్ట్ర ఆడిటర్ 2020 ఎన్నికలో సంతకం సరిపోలేదని తిరస్కరించిన మెయిల్ కవర్లను పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చారు. సంతకాలు పోల్చినవారు పక్షపాతం చూపారనడానికి ఆధారం దొరకలేదు. అయినా నల్లజాతి ఓటర్ల కవర్లు తెల్లవారి కన్నా నాలుగు రెట్లు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యాయి. ఆసియా మూలాలున్నవారివీ, కుర్రకారువీ ఎక్కువే. ఎవరి మనసులోనూ చెడు లేకపోయినా నియమం అందరి మీదా ఒకేలా పడదని అంతకన్నా నిదానంగా చెప్పిన పత్రం నేను చదవలేదు. అందుకే తిరస్కరించే ముందు ఓటరును పిలిచి అడగడం దయాదాక్షిణ్యం కింద లెక్కకట్టే పని కాదు. అది లేని మెయిల్ ఓటు సగం ఓటే.

పౌరులు కావాల్సినవారి సంగతి

ఈ హాల్లో ఓటు హక్కు లేనివారు కూడా చాలామంది ఉన్నారు. హెచ్-1బీ మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు. ఓటరు నమోదు చట్టాలు వారికి సంబంధం లేనివి అనుకుంటే పొరపాటు. 1993 నాటి "మోటర్ వోటర్" చట్టం వచ్చినప్పటి నుంచి లైసెన్స్ కౌంటరు దగ్గరే నమోదు ప్రశ్న అడుగుతారు. 1996 చట్టం ప్రకారం పౌరుడు కానివాడు ఓటు వేసినా, పౌరుణ్ణని అబద్ధం చెప్పి నమోదైనా దేశం నుంచి పంపించేయవచ్చు. పౌరసత్వ దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అన్న ప్రశ్న ఉంది. అర్థంకాని గడిలో తొందరలో పెట్టిన టిక్కు పదిహేనేళ్ల నిరీక్షణను ముంచేయగలదు.

ఒక్కోసారి ఆ టిక్కు మనం పెట్టిందీ కాకపోవచ్చు. లైసెన్స్ ఇచ్చేటప్పుడే పౌరులను తనంతట తాను ఓటర్ల జాబితాలో చేర్చే పద్ధతిని 2016లో దేశంలో మొదట ఓరెగన్ మొదలుపెట్టింది. అది మంచి పద్ధతి. నేను దాన్ని సమర్థిస్తాను. కానీ 2024లో అక్కడి లైసెన్స్ విభాగం ఒక తప్పు బయటపెట్టింది: పౌరసత్వ రుజువు చూపని పన్నెండు వందల మందికి పైగా జాబితాలోకి వెళ్లిపోయారు. కౌంటరులో గుమాస్తా కంప్యూటరు తెర మీద పత్రం రకం ఎంచుకునేటప్పుడు విదేశీ పాస్‌పోర్టు బదులు అమెరికా పాస్‌పోర్టు నొక్కడం అందులో ప్రధాన కారణం. తప్పు ప్రభుత్వానిది. ఇమ్మిగ్రేషన్ చిక్కు మాత్రం వలస వచ్చినవాడి నెత్తిన. ప్రభుత్వం తన చేత్తో చేసిన నమోదుకు ఎవరినీ శిక్షించరాదని చట్టంలోనే రాయాలి.

పౌరులయ్యాక కూడా పాత రికార్డు వెంటాడుతుంది. 2019 జనవరిలో టెక్సస్ ప్రభుత్వం జాబితాలో 95 వేల మంది పౌరులు కాకపోవచ్చని ప్రకటించింది. కారణం వెతికితే తేలిందేమంటే, వారిలో వేలాదిమంది లైసెన్స్ తీసుకున్నప్పుడు వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నారు. తర్వాత పౌరులై, న్యాయంగా ఓటర్లయ్యారు. లైసెన్స్ రికార్డు మాత్రం పాతదే. కోర్టు కేసుల తర్వాత ఏప్రిల్‌లో రాష్ట్రం ఆ జాబితాను వెనక్కి తీసుకుంది. ఈ 95 వేల మంది దారి మనలో ఎంతమంది దారో చెప్పనక్కర్లేదు. 2025లో ఫెడరల్ ప్రభుత్వం పౌరసత్వాన్ని సరిచూసే తన డేటాబేసును సోషల్ సెక్యూరిటీ నంబరుతో వెతికేలా విస్తరించింది. రాష్ట్రాలు ఓటర్ల జాబితాలను అందులో వేసి చూస్తున్నాయి. పాత రికార్డు తప్పు ఇప్పుడు ఇంకా వేగంగా ప్రయాణిస్తుంది.

భద్రత మాటేమిటి?

మోసం భయం ఉత్త కల్పన అని నేను అనను. పోలింగు కేంద్రంలో ఓటు రహస్యం. ఇంట్లో భోజనాల బల్ల మీద నింపే ఓటును ఎవరైనా తొంగిచూడవచ్చు, ఒత్తిడి చేయవచ్చు, కవరు పట్టుకుపోవచ్చు. 2005లో మాజీ అధ్యక్షుడు కార్టర్, మాజీ విదేశాంగ మంత్రి బేకర్ నాయకత్వంలోని కమిషన్ ఈ ప్రమాదాన్ని గట్టిగానే హెచ్చరించింది. 2018లో నార్త్ కరోలినా తొమ్మిదో నియోజకవర్గంలో ఒక అభ్యర్థి తరఫు మనుషులు ఇంటింటికీ తిరిగి బ్యాలెట్లు పోగుచేసి అక్రమాలకు పాల్పడ్డారు. ఎన్నికల బోర్డు ఆ ఫలితాన్ని రద్దుచేసి మళ్లీ ఎన్నిక జరిపింది.

ఆ కేసు ఎలా బయటపడిందో గమనించాలి. ఒక కౌంటీలో అడిగిన బ్యాలెట్ల సంఖ్య, తిరిగి రాని బ్యాలెట్ల సంఖ్య అసహజంగా ఉండడం, సాక్షి సంతకాలు ఒకే మనిషివి పదేపదే కనిపించడం అధికారులను కదిలించాయి. రికార్డు ఉంది కాబట్టి పట్టుకోగలిగారు. అంటే భద్రత పెంచే పనులు చాలావరకు ప్రభుత్వం తన వైపు చేయగలిగినవే: కవరు ప్రయాణాన్ని గుర్తించడం, బయటివాళ్లు బ్యాలెట్లు పోగుచేయకుండా ఆపడం, డ్రాప్ బాక్సుకు కెమెరా పెట్టడం, చనిపోయినవారి, ఊరు మారినవారి వివరాలను ఇతర రాష్ట్రాలతో పంచుకోవడం. 2012లో ఏడు రాష్ట్రాలు కలిసి అచ్చం ఇందుకోసమే ఎరిక్ అనే ఉమ్మడి సంస్థను పెట్టుకున్నాయి. 2022 నుంచి పలు రాష్ట్రాలు దానిలోంచి తప్పుకున్నాయి. జాబితా శుభ్రంగా ఉండాలని గట్టిగా చెప్పే రాష్ట్రాలే ఆ శుభ్రత కోసం ఉన్న పనిముట్టును పారేయడం బాధాకరం.

మన దేశం నేర్పేది

భారతదేశంలో జాబితా తయారీ మొదటి నుంచీ ప్రభుత్వం బాధ్యత. 1951–52 నాటి తొలి ఎన్నికలకు ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నాయకత్వంలో 17 కోట్లకు పైగా ఓటర్లను ఇళ్లకు వెళ్లి రాసుకున్నారు. ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని తప్ప తమ పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు అప్పుడు తొలగించాల్సి వచ్చింది. ఎన్నికల సంఘం వారిని వదిలేయలేదు. తర్వాతి ఎన్నికలకు మళ్లీ వెళ్లి, పేర్లు చెప్పించి రాసుకుంది. ఇవాళ 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారు ఫారం 12డి ఇస్తే పోలింగు సిబ్బందే ఇంటికి వెళ్లి, ఓటు రహస్యం చెడకుండా చూసుకుని, వీడియో తీయించి ఓటు వేయించుకుని వస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా ఇది అమలైంది. రహస్యం, సౌకర్యం, భద్రత మూడూ కలిసి ఉండగలవని, ప్రభుత్వం నడవడానికి ఒప్పుకుంటే చాలని దాని అర్థం.

అక్కడా బరువు ఓటరు మీదికి జారిన సందర్భాలున్నాయి. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ పోలింగు రోజున హైదరాబాద్‌లో ఎందరో కేంద్రానికి వెళ్లాకే తమ పేరు లేదని తెలుసుకున్నారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2025లో బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో 65 లక్షల పేర్లు ముసాయిదాలో లేకుండా పోయాయి. తొలగించిన ప్రతి పేరునూ కారణంతో సహా ప్రకటించాలని ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. విదేశాల్లో ఉన్న భారత పౌరులు 2011 నుంచి ఫారం 6ఎతో నమోదు కావచ్చు. కానీ ఓటు వేయాలంటే సొంత ఊరి పోలింగు కేంద్రానికి స్వయంగా వెళ్లాలి. 2024లో లక్షకు పైగా నమోదైనవారిలో మూడు వేల మంది కూడా వేయలేకపోయారు. సైనికులకు ఉన్న ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్‌ను వీరికీ ఇవ్వడానికి సిద్ధమని 2020లోనే ఎన్నికల సంఘం ప్రభుత్వానికి రాసింది. అది ఇంకా అమలు కాలేదు. విమానం టికెట్టుతో ముడిపడిన ఓటు హక్కు కాగితం మీది హక్కు.

ఏం కావాలి, ఏం చేయాలి

ఇంతసేపు చెప్పినదాన్ని కోరికల రూపంలో పెడతాను. డ్రైవింగ్ లైసెన్స్ రికార్డు ఉన్న ప్రతి పౌరుడికీ ఆన్‌లైన్ నమోదు ఉండాలి, టెక్సస్‌లో కూడా. పౌరసత్వాన్ని సరిచూడాలంటే ప్రభుత్వం తన రికార్డుల్లో తాను చూసుకోవాలి. అవి చాలనప్పుడే ఓటరును అడగాలి. మెయిల్ బ్యాలెట్ ఒకసారి కోరితే, ఓటరు వద్దనేదాకా, లేదా ఊరు మారేదాకా ఆ కోరిక నిలవాలి. సంతకం, నంబరు సరిపోలేదన్న కారణంతో ఓటరుకు చెప్పకుండా ఒక్క కవరు కూడా పక్కన పెట్టకూడదు. డేటాబేసులో తేడా కనిపించిందన్న ఒక్క కారణంతో పేరు తొలగించకూడదు. నోటీసు ఇవ్వాలి, జవాబుకు వ్యవధి ఇవ్వాలి, తప్పు అని నిరూపించే బాధ్యత తొలగించేవారిదే కావాలి.

మన సంఘాలు చేయగలిగినవీ ఉన్నాయి. పౌరసత్వ ప్రమాణం అయిన రోజు ఫొటోలు దిగాక, సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో, లైసెన్స్ కార్యాలయంలో రికార్డు మార్పించుకోవాలని కొత్త పౌరులకు చెప్పాలి. పత్రాలన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో చూసిపెట్టాలి. 65 దాటిన అమ్మానాన్నల ఓటరు రికార్డులో రెండు నంబర్లూ ఉన్నాయో లేదో ఎన్నికలకు ముందే కౌంటీలో కనుక్కోవాలి. జనవరిలోనే మెయిల్ బ్యాలెట్ దరఖాస్తు పంపించాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఏ గడిలో టిక్కు పెట్టకూడదో తెలుగులో అచ్చేసి పంచాలి. టెక్సస్‌లో కౌంటీ ఇచ్చే శిక్షణ తీసుకుంటే మనలో పౌరులైనవారు వలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్ కావచ్చు, తోటివారి నమోదు ఫారాలు అధికారికంగా తీసుకోవచ్చు. గుడి ఉత్సవానికీ, ఉగాది వేడుకకూ వంద మంది వలంటీర్లను సమకూర్చగల సమాజానికి ఇది పెద్ద పని కాదు.

ఇవన్నీ చేసినా, చట్టం మోపిన బరువును సమాజం ఎల్లకాలం మోయలేదు, మోయకూడదు. చట్టమే మారాలి. 2027 జనవరిలో టెక్సస్ శాసనసభ మళ్లీ సమావేశమవుతుంది. ఎన్నికల బిల్లులు కమిటీల ముందుకు వస్తాయి. ఆ గదిలో ఏ పదవీ లేని పౌరుడు కూడా తన పేరు రాసుకుని, మైకు ముందు నిలబడి మాట్లాడవచ్చు. మన ఇంజినీర్లు, డాక్టర్లు, వ్యాపారులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఆస్టిన్ వెళ్లాలి. తమ పేరు ఏ గడిలో పట్టలేదో, తమ తండ్రి కవరు ఎందుకు తిరిగొచ్చిందో, సరిగ్గా చెప్పాలి. సభ్యులను ఒక్క మాట అడగాలి: ఈ బిల్లుతో పని ఎవరికి పెరుగుతుంది, పొరపాటు జరిగితే ఓటు ఎవరిది పోతుంది? దానికి సూటిగా జవాబు చెప్పలేని బిల్లుకు అనుకూలంగా చెయ్యెత్తవద్దని కోరాలి. పౌరసత్వం తీసుకున్న రోజున మనం చేసిన ప్రమాణంలో ఆ బాధ్యత కూడా ఉందని నా నమ్మకం.